ఐర్లాండ్‌లో స్కూల్ అడ్మిషన్: మతం లేని స్కూల్ దొరుకుతుందా, ఇంట్లో తెలుగు మానేయాలా?

లూకన్_అమ్మ:
అందరికీ నమస్కారం అండి. మేము డబ్లిన్ వచ్చి మూడేళ్ళయింది, లూకన్‌లో ఉంటాం. బాబుకి ఫిబ్రవరికి నాలుగు నిండుతాయి, వచ్చే సెప్టెంబర్‌లో జూనియర్ ఇన్ఫాంట్స్‌లో, అంటే ఇక్కడి ప్రైమరీ స్కూల్ మొదటి తరగతిలో, వేద్దాం అనుకుంటున్నాం. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న రెండు స్కూళ్ళూ కాథలిక్ స్కూళ్ళే. మా ఆయన దేవుణ్ణి నమ్మరు, నేను రోజూ దీపం పెట్టుకుంటాను, పిల్లాడు పెద్దయ్యాక వాడిష్టం వాడిది అని పెళ్ళికి ముందే అనుకున్నాం. అందుకే ఏ మతం నేర్పని స్కూల్ అయితే బాగుంటుందని మా ఇద్దరి కోరిక. మా అమ్మేమో "నువ్వు గుంటూర్లో కాన్వెంట్లోనే చదివావు కదే, రోజూ అసెంబ్లీలో పరలోకమందున్న మా తండ్రీ చెప్పేదానివి, ఇప్పుడు నీకేమయింది" అంటోంది. నిజమే, నాకేం కాలేదు. ఇక్కడ కూడా అంతేనా లేక వేరేగా ఉంటుందా?

రెండోది ఇంకా బాధగా ఉంది. ప్రీస్కూల్లో ఒకావిడ, వాడు సరిగ్గా వాక్యాలు కలపట్లేదు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి అని చెప్పింది. వాడు "అమ్మా నేను జంప్ చేసింగ్" అంటాడు, "నాన్న కార్‌లో గోయింగ్ వెళ్ళాడు" అంటాడు. భయపడి రెండు వారాలు తెలుగు ఆపేశాం. ఆదివారం వీడియో కాల్‌లో మా అత్తగారు "బంగారం, అన్నం తిన్నావా" అంటే వాడు నా మొహం చూశాడండి, ఏ భాషలో చెప్పాలో నన్ను అడిగినట్టు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు_నాన్న:
అక్కా, మా బిడ్డ ఇప్పుడు థర్డ్ క్లాస్, కాథలిక్ స్కూల్‌లనే చదువుతాంది, మాకు అప్పుడు ఇవేం తెల్వక ఇంటి పక్కన ఉందని వేసినం. స్కూల్ మంచిదే, టీచర్లు కూడ మంచోళ్ళే, ముందు అది చెప్పాలె. కానీ మీ అమ్మగారు అన్న కాన్వెంట్ లెక్క కాదు. మన దగ్గర కాన్వెంట్ల పొద్దుగాల ఒక ప్రార్థన జేస్తరు, తర్వాత లెక్కలు, సైన్స్, అంతే. హిందూ పిల్లలకు, ముస్లిం పిల్లలకు వేరేగా మోరల్ సైన్స్ ఉంటుండె. ఇక్కడ రోజుకు దాదాపు అర్ధగంట మతం పీరియడే ఉంటది, దానికి పుస్తకం ఉంటది. సెకండ్ క్లాస్‌ల ఫస్ట్ కమ్యూనియన్ ఉంటది, అంటే పిల్లలు చర్చిల మొదటిసారి ప్రసాదం లెక్క రొట్టె తీసుకునే పండుగ, ఏడెనిమిదేండ్ల వయసుల, ఇగ ఆ ఏడాది సంక్రాంతి దాటినప్పటి సంది మే నెల దాక క్లాసంత దానికి తయారుగావుడే.

మేము వద్దని రాసిచ్చినం. రాసిస్తే ఏమైతదంటే, పిల్లను బయటికి పంపరు, చూసుకోనీకె మనిషి లేడు కాబట్టి అదే గదిల వెనుక బల్ల మీద కూసుండబెట్టి కలరింగ్ ఇస్తరు. పాటలన్నీ చెవుల పడుతనే ఉంటయి. అందరు పాడుతుంటే తను ఒక్కతే రంగులు ఏసుకుంట కూసునేది. ఒకనాడు ఇంటికొచ్చి "డాడీ, నాకు తెల్ల గౌను ఎప్పుడు కొంటరు" అన్నది. కమ్యూనియన్ రోజు ఆడపిల్లలు తెల్ల గౌన్లు ఏసుకుంటరు, తలకు వేలాడే తెల్ల బట్ట, బంధువులు పైసలిస్తరు, ఇంటి ముంగట బౌన్సీ కాసిల్ పెడతరు. చిన్న పిల్లకు మతం ఏం తెలుస్తది, పండుగ తెలుస్తది. ఆ పండుగల తను లేదు, గంతే తెలుసు తనకు. మేము బతుకమ్మకు పట్టు లంగా కుట్టిచ్చి, స్కూల్ దోస్తులను గూడ పిలిచినం, ఆ ఒక్క రోజు బాగనే మురిసింది. అయినా సరే, మళ్ళ మొదటి సంది అవకాశం వస్తే నేను దూరమైనా వేరే స్కూల్‌లనే వేస్త. చిన్నోడికి గిప్పుడు గదే చేస్తున్నం.

కార్క్_వాసు:
మేడమ్, ముందు ఒకటి క్లియర్‌గా చెప్తాను. మనం అనుకునే అర్థంలో పూర్తి సెక్యులర్ ప్రైమరీ స్కూల్ ఇక్కడ చాలా అరుదు. ప్రైమరీ స్కూళ్ళలో పదికి దాదాపు తొమ్మిది కాథలిక్ చర్చి ఆధ్వర్యంలో నడుస్తాయి, జీతాలు, డబ్బు మాత్రం ప్రభుత్వానివి. మిగతావాటిలో మీకు పనికొచ్చేవి రెండు రకాలు, ఎడ్యుకేట్ టుగెదర్ స్కూళ్ళు, కమ్యూనిటీ నేషనల్ స్కూళ్ళు. వీటిని మల్టీ డినామినేషనల్ అంటారు, అంటే అన్ని మతాల గురించీ, ఏ మతమూ లేనివాళ్ళ గురించీ చెప్తారు, ఒక మతంలోకి తయారుచేయరు. ఎడ్యుకేట్ టుగెదర్‌కి మూలం 1978లో డాల్కీ స్కూల్ ప్రాజెక్ట్ పేరుతో కొంతమంది తల్లిదండ్రులు పట్టుబట్టి తెచ్చుకున్న స్కూల్. అక్కడ కమ్యూనియన్ కావాలనుకున్న కుటుంబాలు బడి టైం అయ్యాక సొంతంగా ఏర్పాటు చేసుకుంటాయి. మా పాప అక్కడే. యూనిఫాం లేదు, టీచర్ని పేరు పెట్టి పిలుస్తారు, మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు అది విని చాలా ఇబ్బంది పడ్డారు, నాక్కూడా అలవాటు అవడానికి ఏడాది పట్టింది.

అడ్మిషన్ విషయం. పుట్టగానే పేరు రాయించాలి అని ఆఫీసులో ఎవరైనా చెప్తే కంగారు పడకండి, అది పాత పద్ధతి. 2018లో వచ్చిన అడ్మిషన్స్ చట్టంతో ముందొచ్చినవాళ్ళకి ముందు సీటు అనేది తీసేశారు, పాత వెయిటింగ్ లిస్టులు ఉన్న స్కూళ్ళకి 2025 వరకు గడువిచ్చారు, అదీ అయిపోయింది. ఇప్పుడు వచ్చే సెప్టెంబర్ సీటుకి ఈ అక్టోబర్ 1 కంటే ముందు ఏ స్కూలూ అప్లికేషన్ తీసుకోకూడదు. ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు, ఎన్ని సీట్లు అన్నీ అడ్మిషన్ నోటీస్ అని వాళ్ళ వెబ్‌సైట్‌లో పెడతారు. ఆఖరు తేదీ దాటితే లేట్ అప్లికేషన్ కింద పడుతుంది, అన్నీ అయ్యాక చూస్తారు, కాబట్టి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. సీట్ల కంటే అప్లికేషన్లు ఎక్కువైతే తోబుట్టువులు ఉన్నారా, క్యాచ్‌మెంట్ ఏరియాలో, అంటే స్కూల్ తన పరిధి అని గీసుకున్న ప్రాంతంలో, ఇల్లుందా, లేదంటే లాటరీ, ఇలా స్కూల్ స్కూల్‌కి మారుతుంది. అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు కాబట్టి ఇల్లు మారే ఆలోచన ఉంటే ముందే మారండి. ఒక్కదానికే వేసి కూర్చోకుండా మూడు నాలుగు స్కూళ్ళకి వేయండి, ఫీజేమీ ఉండదు.

ఒకవేళ కాథలిక్ స్కూల్‌లోనే సీటు వచ్చినా భయపడకండి. బాప్టిజం లేదని సీటు ఆపడం ఆ చట్టంతోనే పోయింది. మత బోధనకి పిల్లాణ్ణి కూర్చోబెట్టకుండా ఉండే హక్కు ఇక్కడి రాజ్యాంగంలోనే ఉంది, ఆర్టికల్ 44. అలాంటి పిల్లలకి ఏం ఏర్పాటు చేస్తారో అడ్మిషన్ పాలసీలో రాయాలి, దానివల్ల బడి సమయం తగ్గకూడదు అని కూడా చట్టంలో ఉంది. ఆ పాలసీ తెరిచి ఆ ఒక్క పేరా చదవండి. "తల్లిదండ్రులు ప్రిన్సిపాల్‌ని కలవాలి" అని ఒక్క లైన్ రాసి వదిలేసేవాళ్ళే ఎక్కువ. అప్పుడు వెళ్ళి, ఆ అర్ధగంట మా బాబు ఎక్కడ కూర్చుంటాడు, ఏం చేస్తాడు, సెకండ్ క్లాస్‌లో ఆ నెలలన్నీ ఏం చేస్తాడు అని సూటిగా అడగండి.

విశాఖ_పిల్ల:
నేను ఇక్కడ ప్రైమరీ స్కూల్‌లో ఎస్ఎన్ఏగా, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి సహాయకురాలిగా, చేస్తున్నానండి, రెండో ప్రశ్నకి నేను చెప్తాను. దయచేసి ఇవాళే మళ్ళీ తెలుగు మొదలుపెట్టండి. "జంప్ చేసింగ్" అనేది తప్పు కాదమ్మా, వాడికి రెండు భాషల వ్యాకరణమూ వస్తోందని అర్థం, తెలుగు క్రియకి ఇంగ్లీష్ తోక తగిలించాడు, ఆ తోక ఎక్కడ తగలాలో వాడికి తెలిసింది కదా. రెండు భాషల ఇళ్ళలో చాలామంది పిల్లలు ఈ దశ దాటతారు. నిజంగా మాట ఆలస్యం అనిపిస్తే పబ్లిక్ హెల్త్ నర్స్‌నో జీపీనో (మీ ఫ్యామిలీ డాక్టర్‌నో) అడగండి, స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి పంపిస్తారు, అక్కడ తెలుగులో ఎన్ని మాటలొచ్చో కూడా లెక్కలోకి తీసుకోవాలి, రెండు వైపులా కలిపి చెప్పండి. ఇంట్లో భాష మానేయమనడం మాత్రం సరైన సలహా కాదు. ఇంగ్లీషైతే స్కూల్‌కి వెళ్ళడం మొదలుపెట్టాక మెల్లగా వచ్చేస్తుంది, అవసరమైతే ఈఏఎల్ సపోర్ట్ అని, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి ఇంగ్లీష్ అదనంగా చెప్తారు. తెలుగుకి మీరు తప్ప ఇక్కడ దిక్కు లేదు, అమ్మమ్మా నానమ్మా ఫోన్లో ఉన్నారు గానీ రోజంతా మాట్లాడేది మీరే.

మీకు రాబోయేది మూడో భాష కూడా. ఐరిష్ తప్పనిసరి, ఇంట్లో వేరే భాష ఉందని మినహాయింపు ఇవ్వరు. మా స్కూల్‌లో మన తెలుగు పిల్ల ఒకత్తి ఉంది, జూనియర్ ఇన్ఫాంట్స్‌లో చేరిన నెలకే బాత్రూంకి వెళ్ళాలంటే "అన్ విల్ క్యాడ్ అగమ్" అంటూ మొత్తం వాక్యం ఐరిష్‌లో గడగడా అడిగేసేది. ఇంకో సంగతి, మతం లేని స్కూల్ అన్నారు కదా, ఐరిష్‌లో నమస్కారానికే "డీయ గ్విచ్" అంటారు, దేవుడు నీకు తోడుండాలి అని అర్థం, దానికి బదులుగా దేవుడూ మేరీమాతా నీకు తోడుండాలి అంటారు. ఏ స్కూల్‌లో వేసినా ఇది నేర్చుకుంటాడు. మనం దేవుణ్ణి నమ్మకపోయినా దెబ్బ తగిలితే "అయ్యో రామా" అంటాం చూడండి, అలాంటిదే, దానికి కంగారు పడొద్దు.

లూకన్_అమ్మ:
అందరికీ చాలా చాలా థాంక్స్. వాసు గారూ, మీరు చెప్పిన ఆ పేరా ఇప్పుడే తెరిచి చూశాం, దగ్గరున్న రెండు స్కూళ్ళలో ఒకదాంట్లో సరిగ్గా ఆ ఒక్క లైనే ఉంది. ఓరుగల్లు అన్నా, మీ పాప వెనుక బల్ల సంగతి మా ఆయనకి చదివి వినిపిస్తే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత బస్ రూట్ చూడడం మొదలుపెట్టారు. ఎడ్యుకేట్ టుగెదర్ స్కూల్ ఒకటి రెండు స్టాపుల దూరంలో ఉంది, గురువారం ఓపెన్ ఈవినింగ్ అట, వెళ్తున్నాం. అక్కడ రాకపోతే కాథలిక్ స్కూల్ ప్రిన్సిపాల్‌ని కలుస్తాం.

విశాఖ చెల్లీ, నిన్న రాత్రి అన్నం కలిపి చందమామ రావే అంటూ తినిపించాను. వాడు సగం పాట నాతో పాటు పాడి "ఇంకో ముద్ద పెట్టింగ్" అన్నాడు. పెట్టాను.