అప్‌డేట్: గుర్రపు డెక్క (నీటి మీద తేలే కలుపు మొక్క) వల్లే చెరువు నీళ్లు తగ్గుతున్నాయా అని అడిగాను కదా

అవునండీ, అదే. ఆకులు నీడ ఇస్తాయి కాబట్టి నీళ్లు మిగులుతాయనుకున్నా, కానీ ఆ వెడల్పాటి ఆకుల్లోంచి ఆవిరయ్యేది ఖాళీ నీటి మీద నుంచి పోయేదానికన్నా ఎక్కువే ఉంటుందట. మీరు చెప్పినట్టే పూత రాకముందే చేత్తో లాగి, గట్టుకి దూరంగా ఆరబెట్టాం. కలుపు మందు మాత్రం కొట్టలేదు, మొక్కలన్నీ ఒకేసారి కుళ్లితే ఆక్సిజన్ పడిపోయి చేపలు చచ్చిపోతాయి, నాకు అదే భయం. ఈ మొక్కని తినే నియోకెటినా ముక్కు పురుగులు పనిచేస్తాయి కానీ ఏళ్లు పడుతుంది. రెండు వారాల్లోనే రెట్టింపయ్యే మొక్క, విత్తనాలేమో బురదలో 15, 20 ఏళ్లు బతుకుతాయి, అందుకే వారం వారం తిరిగి పిలకలు ఏరుతున్నాం. ఈ మొక్కకి బలమిచ్చే మురుగు, ఎరువు నీళ్లు చెరువులోకి రాకుండా ఆపే పని ఇంకా మిగిలే ఉంది.