స్టేజీ మీద నాట్యం ఫొటోలు: కాంపాక్ట్ కెమెరాలో ఏ సెట్టింగ్స్ పెట్టాలి?

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం మా పాప కూచిపూడి రంగప్రవేశం. నా దగ్గర 1 అంగుళం సెన్సర్ ఉన్న చిన్న కాంపాక్ట్ కెమెరా ఉంది. రిహార్సల్‌లో ఆటో మోడ్‌లో తీస్తే చేతులు, అడుగులు అన్నీ చెదిరిపోయాయి. వివరాలు చూస్తే షటర్ వేగం 1/40 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 800. లెన్స్ అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం; అంకె పెరిగితే వెలుతురు తగ్గుతుంది) జూమ్ చెయ్యకపోతే ఎఫ్ 1.8, పూర్తిగా చేస్తే 4.9. అంటే వెలుతురు దాదాపు ఏడో వంతుకు పడిపోతోంది. ఫ్లాష్ మాత్రం వెయ్యను, పిల్లల కళ్లలో పడుతుంది.

షటర్ ప్రయారిటీలో (షటర్ వేగం మనమే పెట్టుకునే మోడ్) 1/250 పెట్టి ఐఎస్ఓ 3200 దాకా వెళ్లనిస్తే నాయిస్ (ఫొటోలో చుక్కలు చుక్కలుగా కనిపించడం) మరీ ఎక్కువవుతుందా? లేక ముందు వరుసలో కూర్చుని, జూమ్ లేకుండా తీసి తర్వాత క్రాప్ చేసుకోవడం మేలా? ఇంకొకటి, వెనక నల్ల తెర వల్ల ముఖం తెల్లగా పాలిపోతోంది. దీనికి స్పాట్ మీటరింగ్ (ఫ్రేమ్‌లో ఒక చిన్న భాగం వెలుతురునే కొలిచే పద్ధతి) పెట్టాలా, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే సగానికి) తగ్గిస్తే చాలా? ఈ రోజు మళ్లీ రాదు, చాలా టెన్షన్‌గా ఉంది. స్టేజీ ఫొటోలు తీసిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.