సౌత్ డౌన్స్ వే మీద అమ్మతో నెమ్మదిగా నడవడానికి సలహా కావాలి

ఇంగ్లండులో వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ వరకు సుద్ద కొండల మీదుగా సాగే సౌత్ డౌన్స్ వే దారిని వచ్చే మే నెలలో మా అమ్మతో కలిసి నడవాలనుకుంటున్నాను. మొత్తం దూరం సుమారు 160 కిలోమీటర్లు. అమ్మకు అరవై దాటాయి. చదునైన నేల మీద హాయిగా నడుస్తుంది గానీ, ఏటవాలుగా దిగేటప్పుడు మోకాళ్లు నొప్పి పెడతాయి. కొండల శిఖరం మీద నడక సుఖమే అయినా, ఆరన్, అడూర్, ఊజ్, కక్‌మియర్ నదుల లోయల్లోకి దిగి మళ్లీ ఎక్కవలసి ఉంటుంది కాబట్టి, నా దిగులంతా ఆ దిగుడు దారుల గురించే. వాన పడితే తడిసిన సుద్ద బాగా జారుతుంది కూడా.

రోజుకు 12 కిలోమీటర్లకు మించకుండా, ఆంబర్లీ, సౌతీజ్ వంటి రైలు స్టేషన్లు దారికి దగ్గరగా ఉన్న చోట్ల ఆగుతూ వెళ్తే ఆమెకు సరిపోతుందా? సుద్దనేల నీటిని ఇంకించుకోవడం వల్ల పైన వాగులేవీ ఉండవు. తాగునీటి కుళాయిలు ఎక్కడెక్కడ నమ్మదగ్గవో నడిచినవారు చెప్పగలరా?

చివరి భాగం గురించి ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఆల్ఫ్రిస్టన్ నుంచి జెవింగ్టన్ మీదుగా లోపలి దారి ఒకటుంది. సముద్రపు ఒడ్డున సెవెన్ సిస్టర్స్ అనే సుద్ద కొండచరియల మీది దారిలో ఎక్కుదిగుళ్లు ఎక్కువ, అయినా ఆ తెల్లని కొండచరియలను అమ్మకు దగ్గరగా చూపించాలని గట్టి కోరిక. మోకాళ్ల నొప్పి ఉన్నవారితో ఆ దారిలో నడిచినవారెవరైనా ఉంటే, ఏది ఎంచుకోమంటారో దయచేసి తెలుపగలరు.