హవాయి పండ్ల తోటలో సందర్శకుల చేతికి కత్తెర ఇవ్వాలా?

లిచీతోట:
హవాయి పెద్ద దీవిలో, ముఖ్యంగా హిలో, పునా, హమాకువా వైపు, సెలవులకొచ్చిన వాళ్ళని పండ్ల తోటల్లోకి రెండు రకాలుగా రానిస్తారు. తోట తిప్పి, రుచి చూపించి పంపడం ఒకటి. బుట్టా కత్తెరా చేతికిచ్చి "మీరే కోసుకోండి" అనడం రెండోది. పిల్లలతో వచ్చే వాళ్ళు రెండోదే అడుగుతారు. నా వాదన ఒక్కటే: మార్కెట్టుకి కాయ పంపే తోటలో సందర్శకులకు కత్తెర ఇవ్వకూడదు. కోతలో చేసిన తప్పు అప్పటికప్పుడు కనబడదు.

లిచీనే చూడండి. గుత్తిని కాడతో సహా కత్తిరించాలి. కాయ పట్టుకుని లాగితే తొడిమ దగ్గర తోలు చిరుగుతుంది. రసం ఊరి కాయ పులుస్తుంది, గుత్తిలో మిగతా వాటినీ పాడుచేస్తుంది. పోనీ కత్తెర వాడతారా, భయపడి కాడ మధ్యలో కోస్తారు, లేదా ఉత్సాహంగా జానెడు లోపలికి వెళ్ళి ముదురు కొమ్మని నరుకుతారు. కోత తర్వాత వచ్చే చిగురే ముదిరి వచ్చే ఏడు పూత పెట్టాలి. హవాయిలో లిచీ ఏటా ఒకేలా కాయదు, అలాంటి చెట్టు మీద ఈ ప్రయోగాలు వద్దు.

ఇంకో సంగతి. లిచీ, లిచీ లాంటిదే వెంట్రుకల తోలున్న రంబూటాన్ కోశాక పండవు. ఎర్రబడగానే పండిందనుకుంటారు. లిచీలో ఎరుపు ఒక్కటే చూస్తే చాలదు, తోలు మీది బొడిపెలు అణిగి చదునవ్వాలి, కాయ గుండ్రంగా నిండాలి. ఎర్రగా ఉన్నా బొడిపెలు కోసుగా ఉంటే లోపల పులుపే. ఆ పులుపు కాయ ఒక కొరుకు కొరికి చెట్టు కింద పారేస్తారు.

దారిచూపరి:
లిచీతోట గారూ, మీరు చెప్పినవన్నీ లిచీకి నిజమే. కానీ తోటంటే లిచీ ఒక్కటే కాదు కదండీ. ఏ పండు కోయించాలన్నది అసలు ప్రశ్న.

బొప్పాయి సందర్శకులతో కోయించడానికి బాగా కుదురుతుంది. అడుగు భాగాన పసుపు చార పడిన కాయని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పితే తొడిమ దగ్గర విడిపోతుంది. కత్తెరే అక్కర్లేదు. కారే పాలు ఒంటికి తగలకుండా చేతికి తొడుగు చాలు. చార పడకుండా కోసిన పచ్చికాయ మెత్తబడుతుంది గానీ తీపెక్కదు. ఆ మాట చెప్పి, చార పడిన కాయా పడని కాయా పక్కపక్కన చూపిస్తే పదేళ్ళ పిల్లకైనా అర్థమవుతుంది.

అనాస కూడా అంతే. నాటిన 18 నుంచి 24 నెలలకి మొక్కకి ఒక్క కాయ. అది తెలిశాక దాన్ని తేలిగ్గా పారేసే మనిషి ఉండడు. అనాసలో చక్కెరగా మారే పిండి నిల్వ లేదు కాబట్టి కోసి ఇంట్లో పెడితే రంగు మారుతుంది, తీపి పెరగదు. ఈ సంగతులు నోటితో చెబితే వింటారు, చేత్తో కోస్తే గుర్తుంచుకుంటారు. చిన్న తోటకి టోకు కాయతో వచ్చే దానికన్నా సందర్శకుల మీద వచ్చేదే నిలబెట్టే ఆదాయం అయినప్పుడు, వాళ్ళు అడిగేదాన్ని పూర్తిగా కాదనడం ఎలా?

పండుఈగ:
కొరికి పారేసే కాయ గురించి లిచీతోట గారు ఒక్క వాక్యంలో తేల్చేశారు, అది చాలదు. హవాయిలో నాలుగు రకాల పండు ఈగలున్నాయి: మెడిటెరేనియన్, ఓరియంటల్, మెలన్, మలేషియన్. పండుతున్న కాయ తోలులోకి ఆడ ఈగ గుడ్లు పొడుస్తుంది. కాయ నేల మీద పడితే లోపలి పురుగులు పెరిగి బయటికొచ్చి మట్టిలో దూరి, ఈగగా మారే ముందు ఉండే ప్యూపా దశకి వెళ్తాయి. అంటే రాలిన ప్రతి కాయా వచ్చే తరం ఈగలకి నర్సరీ. పన్నెండు మంది వచ్చి తలా నాలుగు కాయలు కొరికి పారేస్తే నలభై ఎనిమిది నర్సరీలు, అవీ సరిగ్గా కాపున్న సాళ్ళలోనే.

తోటల్లో దీనికి ఆగ్మెంటోరియం అని ఒక గుడారం వాడతారు. రాలిన కాయలన్నీ ఏరి దాంట్లో వేస్తారు. పైన ఉండే సన్నని వలలోంచి ఈగలు బయటికి రాలేవు, వాటి పురుగుల మీద బతికే చిన్న కందిరీగలు మాత్రం వెళ్ళిపోయి తోటలో పనిచేస్తాయి. వల చిరిగినా, మూత సరిగ్గా మూయకపోయినా అదే ఈగల ఫ్యాక్టరీ అవుతుంది. కాబట్టి సందర్శకులకి నియమం ఇది: కొరికిన కాయ, గింజ, తొక్క ఏదైనా మూతున్న బకెట్లోకే. బకెట్ ప్రతి చెట్టు దగ్గరా ఉండాలి. గేటు దగ్గర ఒక్కటి పెడితే ఎవరూ అంత దూరం మోసుకురారు.

కొత్తప్రయాణం:
తోటలో కోసిన లిచీ, రంబూటాన్ తిరుగు విమానంలో అమెరికా ప్రధాన భూభాగానికి, అదే మెయిన్‌ల్యాండ్‌కి తీసుకెళ్ళచ్చా? ఒక పెట్టె నిండా కోసుకుందామని అనుకుంటున్నవాళ్ళకి ముందే తెలియడం మంచిది.

పండుఈగ:
లేదండీ. చేత్తో కోసిన తాజా లిచీ, రంబూటాన్, బొప్పాయి, మామిడి వెళ్ళనివ్వరు. అనుమతి ఉన్న పండ్లు కూడా రేడియేషన్ లాంటి చికిత్స అయ్యి, ముద్ర వేసిన పెట్టెలో ఉంటేనే వెళ్తాయి. విమానాశ్రయంలో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ తనిఖీ దాటాకే చెకిన్. అనాస, కొబ్బరికాయ తనిఖీ అయ్యాక తీసుకెళ్ళచ్చు. వేయించిన కాఫీ గింజలకి అడ్డు లేదు, కాఫీ చెట్టు మీంచి కోసిన ఎర్రటి పండ్లు మాత్రం వద్దు. అందుకే వెళ్ళే రోజు ముందు పెట్టెలు నింపకండి. ఆ రోజూ మర్నాడూ తినేంత కోసుకోండి.

కొమ్మకత్తెర:
ఇప్పటిదాకా చెట్టుకి జరిగే నష్టమే మాట్లాడారు. మనిషికి జరిగేది కూడా చూడాలి.

మొదటిది లిటిల్ ఫైర్ యాంట్ అనే చీమ. 1999లో ఈ దీవిలో పునా వైపు కనబడింది. మిల్లీమీటరున్నర పొడవు, చూపుకి ఆనదు. నేల మీదే కాదు, చెట్టు మీద కూడా పుట్టలు పెడుతుంది. కొమ్మ పట్టుకుని కదిపితే మెడ మీద, చొక్కా లోపల వానలా రాలుతుంది, కుట్టిన చోట మంటా దద్దుర్లూ. గుత్తి కోయడానికి కొమ్మ వంచుతామా, అదే దానికి కదలిక. పరీక్ష తేలిక: పలుచగా వేరుశనగ వెన్న రాసిన పుల్లలు చెట్టు పంగలో, మొదలు దగ్గర, ఆకు మట్టల్లో గంటసేపు ఉంచండి. చీమలు పట్టిన పుల్లని జిప్ సంచిలో వేసి ఒక రోజు ఫ్రీజర్లో పెట్టాక చూడండి. సందర్శకుల సాళ్ళలో ఈ పరీక్ష జరగకుండా ఎవరినీ కొమ్మ ముట్టనివ్వకూడదు.

రెండోది ర్యాట్ లంగ్‌వర్మ్. ఎలుకల ఊపిరితిత్తుల్లో ఉండే నులిపురుగు. నత్తలూ గుల్ల లేని నత్తలూ దాని పిల్ల పురుగుల్ని మోస్తాయి. అలాంటి నత్త ముక్క గానీ చిన్న నత్త గానీ తెలియకుండా నోట్లోకి పోతే పురుగు మెదడు దాకా వెళ్తుంది. రాష్ట్రంలో ఎక్కువ కేసులు ఈ దీవిలోవే. నేల మీది కాయ తినకూడదు. చెట్టు మీది కాయైనా పారే మంచినీళ్ళ కింద కడిగి, తొడిమ గుంట చూసి, అప్పుడే నోట్లో పెట్టుకోవాలి. "తాజాగా చెట్టు మీంచి నోట్లోకి" అని ఫోటో తీయించుకునే ముచ్చటకి నేను గట్టిగా వ్యతిరేకం.

మూడోది మామిడి సొన. తొడిమ విరిగిన తొలి క్షణాల్లో చిమ్ముతుంది. పాయిజన్ ఐవీ (తాకితే దురద పెట్టే తీగ) పడని వాళ్ళకి ఇది కూడా దురద, బొబ్బలు తెస్తుంది, మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చే వాళ్ళలో అలాంటివాళ్ళుంటారు. రెండు మూడు అంగుళాల కాడ వదిలి కోయాలి, తర్వాత కాయని తలకిందులుగా పెట్టి సొన కారిపోనివ్వాలి. చిక్కం గెడతో లాగేటప్పుడు కింద నిలబడి పైకి చూడకూడదు.

రుచి చూపించే బల్ల దగ్గర ఒక మాట: మూత్రపిండాల జబ్బున్న వాళ్ళకి స్టార్ ఫ్రూట్ ఒక్క ముక్క కూడా పెట్టకండి. ఆగని ఎక్కిళ్ళతో మొదలై మతి తప్పే దాకా పోవచ్చు. కోయకముందే అందరినీ అడగాలి, ముక్క నోట్లో పెట్టాక కాదు.

దారిచూపరి:
కొమ్మకత్తెర గారి మాటలన్నీ తోటలోకి రాకముందే చెప్పాల్సినవి. గంటన్నర పర్యటనని ఇలా నడపొచ్చు.

గేటు దగ్గర చెప్పుల మట్టి. హవాయి అడవుల్లోని ఓహియా చెట్లని ఎండబెట్టి చంపే తెగులు 2014లో బయటపడింది, దాని శిలీంధ్రం మట్టితోనూ చెక్కపొడితోనూ పాకుతుంది. ముందు బ్రష్షుతో మట్టంతా రాల్చాలి, తర్వాత అడుగున 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లాలి. మట్టి మీదే చల్లితే మందు మట్టి పైనే ఆగిపోతుంది. చెప్పులతో వచ్చిన వాళ్ళకి తోటవే బూట్లు ఇవ్వడం మేలు. పునాలో చాలా బొప్పాయి తోటలు పగలగొట్టిన లావా రాళ్ళ మీదే ఉంటాయి, ఆకుల కింద సందులు కనబడవు, చీలమండ మడతపడుతుంది.

తర్వాత చేతులు కడుక్కోవడం. అమెరికా ఫుడ్ సేఫ్టీ నియమాలు వర్తించే తోటల్లో సందర్శకులకి పరిశుభ్రత పద్ధతులు చెప్పాలి, మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే చోటు అందుబాటులో పెట్టాలి. ఆ పైన నడక, ఆ పైన కోత, చివరికి రుచి. రుచి ముందు పెడితే జిగురు చేతులతో చెట్ల మధ్యకి వెళ్తారు.

కోతలో ఒక గైడుకి నలుగురే. మిగతావాళ్ళు బుట్ట పట్టుకుంటారు. నిచ్చెన ఎవరికీ ఇవ్వద్దు, చేతికందే ఎత్తులో కత్తిరించి ఉంచిన చెట్లే వాడాలి. అలాంటి చెట్లున్న రెండు సాళ్ళు సందర్శకులకే వేరుగా ఉంచాలి, వాటి కాయ ప్యాకింగ్ షెడ్డుకి పోకూడదు.

లిచీతోట:
రెండు సాళ్ళు వేరుచేస్తే సరిపోతుందా? పక్క సాల్లో మందు కొట్టిన రోజు సంగతేంటి? లోపలికి పోకూడని గడువు మందు లేబుల్ మీదే ఉంటుంది, కొన్నిటికి 4 గంటలు, కొన్నిటికి 12, 24, 48 గంటలు కూడా. సందర్శకుల బుకింగ్ నెల ముందే అవుతుంది, పురుగు మాత్రం బుక్ చేసుకుని రాదు. అప్పుడు యజమాని మందు ఆపి కాయ పోగొట్టుకోవాలి, లేదా పర్యటన రద్దు చేయాలి. రద్దు చేసే ధైర్యం ఉన్నవాళ్ళే కోత పెట్టుకోవాలి.

అవకాడో విషయం కూడా మీ జాబితాలో లేదు. చెట్టు మీద అది మెత్తబడదు, గట్టి కాయే కోయాలి. తొడిమ కొద్దిగా వదిలి కత్తిరించాలి. లాగి ఊడబెరికితే తొడిమ గుంటలోంచి బూజు దిగి పైనుంచి కుళ్ళుతుంది. సందర్శకుడు గట్టి కాయ తీసుకెళ్ళి, మూడో రోజుకీ మెత్తబడలేదని హోటల్ చెత్తబుట్టలో వేస్తాడు. మాంగోస్టీన్ (మందపాటి ఊదా తోలున్న పండు) అయితే చేయి జారి నేల మీద పడిన చోట తోలు బిగుసుకుపోతుంది, తర్వాత చేత్తో తెరుచుకోదు. ఇవన్నీ గైడు ఒక్కడూ ఒక్క గంటలో కాచుకోగలడా?

కొమ్మకత్తెర:
అవకాడో, మాంగోస్టీన్ కోయించొద్దు, అక్కడ నేనూ మీ వైపే. లిచీకి మాత్రం ఒక దారి ఉంది. పొద్దున్నే తోటవాళ్ళు అందే ఎత్తులో పండిన గుత్తుల్ని చూసి, కత్తిరించాల్సిన చోటే రంగు రిబ్బను కట్టాలి. సందర్శకుడు రిబ్బనుకి సరిగ్గా కింద, కాయల వైపు కత్తెర పెడతాడు. పండిందా లేదా అన్న నిర్ణయం, ఎక్కడ కోయాలన్న నిర్ణయం రెండూ అతని చేతిలో ఉండవు. మిగిలేది కత్తెర నొక్కడం ఒక్కటే. కత్తెర ఇచ్చే ముందు రెండు మొనలూ ఆల్కహాల్‌తో తుడవాలి, చెట్టు మారినప్పుడల్లా మళ్ళీ.

లిచీతోట:
రిబ్బను కట్టేది కోత తెలిసిన వాళ్ళే అయితే లిచీకి ఒప్పుకుంటాను. ఒక షరతు మీద: రిబ్బన్లు లెక్కపెట్టి కట్టాలి, కోత అయ్యాక, గుత్తి కోసిన కొమ్మల మీంచి మాత్రమే విప్పి లెక్కపెట్టి తీసుకోవాలి. ఇరవై కట్టి పదిహేడే విప్పామంటే పండిన గుత్తులు మూడు ఇంకా చెట్టు మీదే ఉన్నాయని అర్థం. ఆ సాయంత్రం కోత వాటితోనే మొదలవ్వాలి.