బీడీఎస్ సీటే లక్ష్యమైతే నీట్‌లో ఫిజిక్స్ వదిలేయొచ్చా?

పెన్నగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)
నెల్లూరు, ఒంగోలు లాంగ్ టర్మ్ (ఇంటర్ అయ్యాక నీట్ కోసమే ఏడాది కోచింగ్) పిల్లల మధ్య ఒక మాట తిరుగుతోంది: "ఎంబీబీఎస్‌కైతే ఫిజిక్స్ కావాలిగానీ, డెంటల్ చాలనుకుంటే బయాలజీ, కెమిస్ట్రీతో లాగించేయొచ్చు." డెంటల్‌కి వేరే పరీక్షేమీ లేదు. అదే నీట్, అదే ర్యాంకు. 45 ప్రశ్నలు, 180 మార్కులున్న సబ్జెక్టుని తెలిసి తెలిసి వదిలేయడం తెలివా, తెలివితక్కువా? సొంత కథలొద్దు, లెక్కతో చెప్పండి.

కత్తిరి_ఎండ
వదిలేయమనే నేనంటాను. 180 ప్రశ్నల్లో 90, 720 మార్కుల్లో 360 బయాలజీవే. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ముందు చూసేదీ బయాలజీనే, తర్వాత కెమిస్ట్రీ, ఆ తర్వాతే ఫిజిక్స్. 2025లో ఫిజిక్స్ పేపర్ ఎట్టా ముంచిందో చూశాం, దేశంలో మొదటి ర్యాంకుకే 686. బైపీసీ పిల్లలకి ఇంటర్‌లో లెక్కల సబ్జెక్టే ఉండదు. లాగరిథమ్ అంటే బెదిరే పిల్లకి మూడు నెలల్లో రొటేషనల్ మోషన్ నేర్పబోతే అదీ రాదు, ఈలోపు వచ్చిన బాటనీ పోతుంది. రెంటికీ చెడ్డ రేవడే.

చీమకుర్తి_రాయి
అన్నా, సగం మార్కులు బయాలజీవన్న మాట దగ్గరే ఆగిపోయావు. బాగా చదివే పిల్ల అనుకుందాం. బయాలజీలో 75 ఒప్పు, 12 తప్పు, 3 వదిలేసింది: 300లో 12 పోతే 288. కెమిస్ట్రీలో 25 ఒప్పు, 10 తప్పు: 90. మొత్తం 378. ఫిజిక్స్ ఖాళీ.

ఇదే పిల్ల ఫిజిక్స్‌లో 45కి 21 మాత్రమే ముట్టుకుని, 15 ఒప్పు, 6 తప్పు చేస్తే 54 మార్కులు. మొత్తం 432. ఆ 54ని బయాలజీలోనే తెచ్చుకోవాలంటే 288 కాస్తా 342 కావాలి. అంటే 86 ఒప్పు, 2 తప్పు. 75 నుంచి 86కి ఎక్కడం తేలికా, ఫిజిక్స్‌లో సున్నా నుంచి 15కి రావడం తేలికా? బయాలజీలో ఆ చివరి పది ప్రశ్నలే జతపరచడాలు, "కింది వాక్యాల్లో ఎన్ని సరైనవి" రకం. వాటికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాల్లో బొమ్మల కింది రాత కూడా కంఠతా ఉండాలి. ఫిజిక్స్‌లో మొదటి పదిహేను మాత్రం సూత్రంలో అంకెలు వేసేవే.

కత్తిరి_ఎండ
54 మార్కులు ర్యాంకులో ఎంత దూరమో నేను కాదనను. కానీ క్వాలిఫై అవడానికి అంతక్కర్లేదు గదా? 2025లో జనరల్‌కి 144, బీసీ, ఎస్సీ, ఎస్టీలకి 113 చాలాయి.

చీమకుర్తి_రాయి
ఇక్కడే తల్లిదండ్రులు బోల్తా పడేది. ఆ 144 కౌన్సెలింగ్‌లోకి అడుగుపెట్టే అర్హత, అంతే. విజయవాడ, కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లోగానీ, ప్రైవేటులో కన్వీనర్ సీటుకి (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకుని బట్టి ఇచ్చేది) గానీ అర్హుల మధ్య ర్యాంకే తేలుస్తుంది. క్వాలిఫై మార్కు ఒక్కటే చేతిలో ఉంటే మిగిలేది మేనేజ్‌మెంట్ సీటు, దాని ఫీజు.

ఉలవపాడు_మామిడి
ఫిజిక్స్ మొత్తం చదవాలనడం తప్పు, మొత్తం వదలాలనడం ఇంకా తప్పు. మెకానిక్స్‌తో మొదలుపెట్టి వరసగా పోవాలనుకోవడం వల్లే ఈ పిల్లలు మధ్యలో చేతులెత్తేస్తారు. లెక్క తక్కువ, ఫలితం ఎక్కువ ఉండే పాఠాలు ముందు పట్టుకోండి. సెమీకండక్టర్లు, మోడర్న్ ఫిజిక్స్ (ఫోటో ఎలక్ట్రిక్ ప్రభావం, పరమాణువు, కేంద్రకం), కరెంట్ ఎలక్ట్రిసిటీ, రే ఆప్టిక్స్, థర్మోడైనమిక్స్, గ్రావిటేషన్, కెపాసిటర్లు, యూనిట్స్ అండ్ మెజర్‌మెంట్స్, వీటితోపాటు 2024 నుంచి సిలబస్‌లో విడిగా చేరిన ప్రయోగ నైపుణ్యాలు. తొమ్మిది. ఒక్కోదానికి ఆరు రోజులు, రోజుకి గంటన్నర. 54 రోజులవుతుంది.

ఆ గంటన్నరలో అరగంటకి మించి పాఠం చదవొద్దు. మిగతా గంటలో పాత పేపర్లలోంచి ఆ పాఠం ప్రశ్నలు పాతిక చేయాలి. తప్పినవి విడిగా ఒక పుస్తకంలో రాసి, ఎందుకు తప్పాయో ఒక్క ముక్కలో పక్కన పెట్టాలి: "ప్రమాణం మార్చలేదు", "గుర్తు తప్పింది", "ప్రశ్న సగమే చదివా". సూత్రం తెలియక పోయిన మార్కులకంటే సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చక పోయినవే ఎక్కువ కనపడతాయి అందులో.

ఒక ఉదాహరణ. 400 నానోమీటర్ల కాంతి, పని ప్రమేయం 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు, స్టాపింగ్ పొటెన్షియల్ ఎంత? ప్లాంక్ స్థిరాంకంతో గుణకారం మొదలుపెడితే పది ఘాతాల దగ్గర తప్పటడుగు ఖాయం, మూడు నిమిషాలు పోతాయి. ప్లాంక్ స్థిరాంకాన్ని కాంతి వేగంతో ముందే గుణించి పెట్టుకున్న 1240ని (ఎలక్ట్రాన్ వోల్టు-నానోమీటర్లలో) 400తో భాగిస్తే 3.1, అందులోంచి 2.1 తీసేస్తే 1. జవాబు ఒక వోల్టు. ఇట్టాంటి ఇరవై అడ్డదారులు ఒక తెల్లకాగితం మీద పడతాయి. వెర్నియర్, స్క్రూగేజీ కూడా అంతే: మిల్లీమీటరు పిచ్, 100 విభాగాలుంటే కనీస కొలత 0.01 మిల్లీమీటరు. ఇక జీరో ఎర్రర్ (ఏమీ పెట్టకుండా మూసినా పరికరం చూపే కొలత) ఎంతుంటే అంత రీడింగ్‌కి కలపడమే.

రొటేషనల్ మోషన్, అలలు, ఏసీ సర్క్యూట్లు చివరికి. టైముంటేనే.

కత్తిరి_ఎండ
తొమ్మిది పాఠాలంటే ఒప్పుకుంటా. మిగిలిన ప్రశ్నల సంగతేంది మరి? గుడ్డిగా గీకేస్తే నెగెటివ్‌లోకి పోతారు.

చీమకుర్తి_రాయి
అంత భయం అక్కర్లేదు, అట్టాగని ధైర్యమూ పనికిరాదు. ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియక గీకితే సగటున ప్రశ్నకి పావు మార్కు వస్తుంది. 20 ప్రశ్నలు గుడ్డిగా పెట్టి నాలుగు తగిలితే 16 వచ్చి 16 పోతాయి, సున్నా. మూడే తగిలితే మైనస్ 5. ఐదు తగిలితే ప్లస్ 5. అదంతా లాటరీ టికెట్టు. అదే ప్రమాణాలు చూసి రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే సగటు ప్రశ్నకి ఒకటిన్నర మార్కు. శక్తి అడిగితే న్యూటన్లలో ఉన్న ఆప్షన్ పోయినట్టే గదా. యూనిట్స్ పాఠం ముందు చదవమనేది ఇందుకే. గుడ్డిగా వద్దు, రెండు కొట్టేశాక మాత్రం వదలొద్దు.

కోవూరు_వరిపైరు
ఫిజిక్స్ గొడవలో పడి బయాలజీని తేలిగ్గా తీసుకుంటున్నారు. 2024 సిలబస్‌లో జీర్ణక్రియ, మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ లాంటి పాఠాలు తీసేశారు. కెమిస్ట్రీలో ఘనస్థితి, ఉపరితల రసాయనం, లోహ సంగ్రహణం, పాలిమర్లు పోయాయి. పాత మెటీరియల్ జిరాక్సులు పట్టుకుని ఇవన్నీ రుద్దుతున్న పిల్లలు ఇంకా ఉన్నారు. ఎగతాళేమిటంటే జీర్ణక్రియతోపాటే దంత సూత్రం కూడా పోయింది, పళ్ల డాక్టరు కాబోయేవాళ్లు 2123 అప్పజెప్పే పని లేదు!

తెలుగు మీడియం వాళ్లకి ఇంకో సంగతి. దరఖాస్తులో తెలుగు ఎంచుకుంటే ప్రశ్నలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇస్తారు. రెండిటికీ తేడా వస్తే ఇంగ్లీషుదే చెల్లుతుంది. కాబట్టి "పత్రరంధ్రం" అని చదివినా పక్కన "స్టొమాటా" అని రాసుకోవాల్సిందే.

ట్రంకురోడ్డు
టైము గురించి ఎవరూ అనలేదు. 2025 నుంచి 180 ప్రశ్నలకి 180 నిమిషాలే, అంతకుముందు 200 ఉండేవి. ఓఎంఆర్‌లో (జవాబుల కాగితం) ఒక్కో గుండ్రం దిద్దడానికి 5 సెకన్లనుకున్నా పావుగంట అక్కడే పోతుంది. బయాలజీ 50, కెమిస్ట్రీ 50, ఫిజిక్స్ 60, ఓఎంఆర్‌కి 20. చివర్లో ఒక్కసారిగా దిద్దుదామనుకుంటే ఒక వరస జారి, కింద పదిహేను జవాబులూ తప్పవుతాయి. బాల్‌పెన్ను కాబట్టి చెరిపే దారి లేదు. ఒక పేజీ చేయగానే ఆ పేజీవి దిద్దేయాలి.

పరీక్ష మే ఎండల్లో, మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు. మాక్ టెస్టులు పొద్దున్నే చల్లగా రాయిస్తే ఏం లాభం? చివరి నెల ఆ టైముకే కూర్చోబెట్టండి, అన్నం కాస్త తగ్గించి.

సింగరాయకొండ_స్టేషన్
చిన్న సందేహం. మా ప్రకాశం జిల్లా పిల్ల నెల్లూరులో ఇంటర్, లాంగ్ టర్మ్ చదివితే సీట్ల కౌన్సెలింగ్‌లో లోకల్ (స్థానిక అభ్యర్థి) ఏ యూనివర్సిటీ ప్రాంతం కింద?

చీమకుర్తి_రాయి
ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, నెల్లూరు వేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. కావలి, సింగరాయకొండ ఒకే రైలు దారిలో ఉన్నా కౌన్సెలింగ్‌లో వేరే. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరసగా ఒకే ప్రాంతంలో లేకపోతే ఏడేళ్లలో ఎక్కడ ఎక్కువ చదివారో చూస్తారు. ఆరు నుంచి పది ఇక్కడ, ఇంటర్ అక్కడ అయితే ఐదుకి రెండు, పిల్ల ఆంధ్రా లోకలే. లాంగ్ టర్మ్ ఏడాది లెక్కలోకి రాదు. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి.

కోవూరు_వరిపైరు
మామిడి గారూ, మీ పోస్టులో ఒక సవరణ. జీరో ఎర్రర్ కలపడం కాదు, గుర్తుతో సహా తీసేయాలి. రీడింగ్ 2.34 సెంటీమీటర్లు, ఎర్రర్ ప్లస్ 0.02 అయితే 2.32. మైనస్ 0.02 అయితే 2.36.

ఉలవపాడు_మామిడి
నిజమే, మైనస్ కేసు ఒక్కటే మనసులో పెట్టుకుని రాసేశాను. పోస్టు దిద్దుతున్నాను. ఎవరైనా కాగితం మీద ఎక్కించుకుని ఉంటే వాళ్లూ దిద్దుకోండి.