నా గిర్ని కరెంటుకీ, ఎక్కడో ఉన్న బొగ్గు గని అనుమతికీ లంకె ఏమిటి?

గిర్ని మామ (దామరచర్ల మండలం):
అందరికీ నమస్తే. ఇరవై ఏళ్లుగా పిండి గిర్ని నడుపుతున్నాను. 2012 నాటి కరెంటు కోతలు ఇప్పటికీ మర్చిపోలేను. ఆడవాళ్లు జొన్నల డబ్బాల మీద సుద్దముక్కతో పేర్లు రాసి, వరసగా పెట్టి పోయేవాళ్లు. రాత్రి రెండింటికి కరెంటొస్తే అప్పుడే లేచి పట్టేవాణ్ని. పది నిమిషాలకే మళ్లీ పోయేది. సగం నలిగిన జొన్నలు రాళ్ల మధ్య అట్లనే ఉండిపోయేవి.

అందుకే 2015లో మా వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంటుకు శంకుస్థాపన చేస్తే సంబరపడ్డాను. ఐదు యూనిట్లు, ఒక్కోటి 800 మెగావాట్లు. 2022లో హరిత ట్రిబ్యునల్, అంటే పర్యావరణ కేసులు చూసే కోర్టు, ప్లాంటు పర్యావరణ అనుమతిని ఆపింది. 2024లో గానీ కరెంటు మొదలుకాలేదు. "రూల్సే మన కొంప ముంచుతున్నయి, గనులు తవ్వనియ్యరు, ప్లాంట్లు నడవనియ్యరు" అంటాడు మా అల్లుడు. నిజమేనా? మన జిల్లాలో బొగ్గు గనే లేదు. ఎక్కడో గనికి అనుమతి ఆగితే నా గిర్నికి ఏమవుతుంది?

పాత సర్వేయర్ (హుజూర్‌నగర్):
అన్నా, ఓపెన్‌కాస్టు గనుల్లో, అంటే పైనుంచి తవ్వే బొగ్గు గనుల్లో, సర్వే పని చేసి రిటైరైనవాణ్ని. మీ మోటారు పది హెచ్‌పీ అనుకుందాం. గంట నడిస్తే ఏడున్నర యూనిట్ల కరెంటు. బొగ్గు కరెంటు యూనిట్‌కు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలుతుంది. అంటే గంటసేపు పిండి పడితే ఎక్కడో అయిదు కిలోల బొగ్గు పొయ్యిలోకి పోయినట్టే. మీ ప్లాంటు ఐదు యూనిట్లూ నిండుగా నడిస్తే రోజుకు పదిహేను దాకా గూడ్సు రైళ్ల బొగ్గు కావాలి. అదంతా ఏదో ఒక గని నుంచే రావాలి.

గని అనుమతి పత్రంలో ఏడాదికి ఇన్ని టన్నులని రాసి ఉంటుంది. బొగ్గు పొర కళ్ల ముందు నల్లగా మెరుస్తున్నా, తవ్వే యంత్రం షావెల్ ఖాళీగా నిలబడి ఉన్నా, అంతకు మించి ఒక్క టన్ను తీయకూడదు. పెంచాలంటే మళ్లీ అధ్యయనం, మళ్లీ ఫైలు. బయటివాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఒడిశాలోని నైనీ బొగ్గు బ్లాకు చూడండి. సింగరేణికి 2015లో ఇచ్చారు. ఏడాదికి కోటి టన్నులు తీయగల గని. తవ్వకం మొదలైంది 2025లో. అడవి భూమి కాబట్టి పర్యావరణ అనుమతి వేరు, అటవీ అనుమతి వేరు, ఆ తర్వాత భూమి చేతికి రావాలి. ఈ మెట్లలో ఒక్కటి కూడా అనవసరం అనను. అడవి పోతే మళ్లీ రాదు. కానీ ఒక ఆఫీసులో సంతకమయ్యాకే ఇంకో ఆఫీసులో ఫైలు కదలడం నాకు మింగుడుపడదు. ఈ రెండూ పక్కపక్కనే నడవొచ్చు. పదేళ్లు పోయింది అక్కడే అని నా నమ్మకం.

కృష్ణ ఒడ్డు అక్క:
అన్నా, మీ అల్లుడి మాటతో నేను ఏకీభవించను. మాది ప్లాంటు పక్క ఊరే. మొదటి అనుమతికి విదేశీ బొగ్గును కూడా లెక్కలో పెట్టుకొని అధ్యయనం చేశారు. తర్వాత మొత్తం మన దేశపు బొగ్గే వాడాలనుకున్నారు. మన బొగ్గులో నూటికి ముప్పై, నలభై పాళ్లు బూడిదే. బొగ్గు మారితే బూడిద మారుతుంది, ఆ బూడిద నింపే చెరువు మారుతుంది, నా ఇంటి ముందు ఆరేసిన వడ్ల మీద పడే దుమ్ము మారుతుంది. ట్రిబ్యునల్ మళ్లీ లెక్క కట్టమనడం తప్పెట్లా అవుతుంది? మొదటే సరైన బొగ్గుతో లెక్క కట్టి ఉంటే ఆ ఆలస్యం సగమైనా తప్పేది కదా.

2024 ఫిబ్రవరిలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకు నేనూ వెళ్లాను. మైకు చేతికొచ్చేసరికి గొంతు వణికింది. అయినా మా బావి నీళ్ల సంగతి అడిగాను. ఆ రూలే లేకపోతే నన్ను ఎవరు అడిగేవాళ్లు?

గిర్ని మామ:
సర్వేయర్ తమ్ముడూ, ఆ అయిదు కిలోల లెక్క పొద్దున్నుంచీ నా తలలో తిరుగుతోంది. అక్కా, నీ వడ్ల మాట మా అల్లుడికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. ఇంతకీ ఇప్పుడు మేము అడగగలిగింది ఏమైనా ఉందా?

పాత సర్వేయర్:
ఉంది అన్నా. అనుమతిలో పెట్టిన షరతులు ఎంతవరకు పాటించారో ప్లాంటువాళ్లు ఆరు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి. జూన్‌లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి. అది ఎవరైనా చూడొచ్చు. బూడిద, నీళ్లు, దుమ్ము, మూడు పేజీలు ముందు చూడండి.

గిర్ని మామ:
ఆ పేజీలు గిర్నిలో రేట్ల బోర్డు పక్కన అతికిస్తాను. పిండి పట్టేదాకా నిలబడేవాళ్లు చదువుతారు. ఇంగ్లీషులో ఉంటే అక్కా, నువ్వే తెలుగులో రాసిపెట్టాలి.