పీసీఓఎస్‌లో ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఏది తీసుకున్నారు? తెలిసినవాళ్ళు చెప్పండి

మాది ఆదోని, ఐవీఎఫ్ కోసం కర్నూలు వెళ్తున్నాం. నాకు పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల వచ్చే అండాశయాల సమస్య), స్కాన్‌లో రెండు వైపులా ఫాలికల్స్ (గుడ్లు పెరిగే చిన్న నీటి సంచులు) చాలా కనిపిస్తున్నాయి, అందుకే ట్రిగ్గర్ (గుడ్లు తీసే ముందు అవి మెచ్యూర్ అవడానికి వేసే ఇంజెక్షన్) గురించి టెన్షన్‌గా ఉంది. ట్రిగ్గర్‌గా హెచ్‌సీజీ అనే హార్మోన్ ఇస్తే దాని ప్రభావం ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది కాబట్టి ఓహెచ్ఎస్ఎస్ (మందులకి అండాశయాలు అతిగా స్పందించి వాచిపోవడం) వచ్చి పొట్టలో నీరు చేరే ప్రమాదం ఎక్కువని, నేను యాంటగొనిస్ట్ ప్రోటోకాల్‌లో (గుడ్లు ముందే విడుదల కాకుండా ఆపే మందు వాడే పద్ధతి) ఉన్నాను కాబట్టి దాని బదులు ల్యూప్రొలైడ్ అనే ట్రిగ్గర్ ఇవ్వొచ్చని డాక్టర్ మేడమ్ చెప్పారు, కానీ అప్పుడు ఎంబ్రియోలు (పిండాలు) వెంటనే పెట్టకుండా ఫ్రీజ్ చేయాల్సి రావచ్చట. ఇంకా ఆలస్యమా అని మా అత్తమ్మకి బాధ. నాకైతే ప్రాణం ముందు, ఆ మాట ఇంట్లో గట్టిగానే చెప్పాను.

ల్యూప్రొలైడ్ తీసుకున్న అక్కలూ, గుడ్లు బాగా మెచ్యూర్ అయ్యాయా? హెచ్‌సీజీ, ల్యూప్రొలైడ్ రెండూ కలిపి డ్యూయల్ ట్రిగ్గర్ ఎవరికైనా ఇచ్చారా, తర్వాత పొట్ట ఉబ్బరం, ఆయాసం లాంటివి వచ్చాయా?

ఇంకోటి, గుడ్లు తీయడానికి 34-36 గంటల ముందు సరిగ్గా చెప్పిన టైముకే ఇంజెక్షన్ పడాలి కదా, అది రాత్రి పూట వస్తే నర్సుని ఇంటికి పిలిపించుకున్నారా, మీరే వేసుకున్నారా? ఈ ఎండల్లో కర్నూలు నుంచి మందు ఎలా తెచ్చుకున్నారు? వచ్చే స్కాన్‌లోపు చెప్తే మేడమ్‌ని అన్నీ అడిగి తేల్చుకుంటాను.